కూలి అడగని చలి

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వాళ్లకి వినపడుతోందా? సరే. శాలువాలు కప్పుకొచ్చినవాళ్లు మొహమాటపడి తియ్యక్కర్లేదు. నేనూ తియ్యను.

నన్ను పిలిచినవాళ్లు ఫోన్లో "చలికాలంలో పొలం ఎంత అందంగా ఉంటుందో నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. వెంటనే ఒప్పుకోలేదు నేను. చలి అందంగా ఉందనే మాట ఎప్పుడూ దుప్పటి ఉన్నవాడి నోటివెంటే వస్తుంది. తెల్లవారకముందే తడి చేలో వంగి కాయలు కోసేవాళ్ల వేళ్లు చూడండి ఒకసారి. పగుళ్లలోంచి నెత్తురు కనిపిస్తూ ఉంటుంది. ముసలి ప్రాణాలకి ఇది గండం గడిచే కాలం. రాత్రిపూట ఈనిన ఆవుని ఎవరూ చూసుకోకపోతే తెల్లారేసరికి దూడ బిగుసుకుపోయి ఉంటుంది. ఇదంతా ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నేను మైమరచి మాట్లాడితే ఈయనకి ఇవేమీ తెలియవు కాబోలు అనుకోకండి.

అయినా వచ్చాను. ముప్పయ్యేళ్లుగా సేద్యం చేస్తున్నాను. మొదటి పదేళ్లూ చలికాలం అంటే నా పనికి అడ్డం అనే అనుకున్నాను. పొద్దు చాలదు, తడి ఆరదు, మొక్క ఎదగదు. ఆ తర్వాత మెల్లగా అర్థమైంది, ఆ రోజుల్లో నా పొలంలో నాకంటే ఎక్కువ పని చేస్తున్నది చలే అని. రాత్రంతా చేస్తుంది, నేను పడుకున్నాక చేస్తుంది. కూలి అడగదు, టీ అడగదు. అది చేసే పని గురించి చెబుతాను. అందం సంగతి ఆ మాటల్లోనే ఎక్కడో దొరుకుతుంది మీకు.

మంచు దగ్గర మొదలుపెడదాం. మన భాషలో గమ్మత్తైన మాట ఇది. గడ్డి మీద నీటిబొట్టూ మంచే, దారి కనపడకుండా కమ్మేసేదీ మంచే, కొండల మీద తెల్లగా పేరుకునేదీ మంచే. పుస్తకాల్లో తుషారం, నీహారం, హిమం అని వేరువేరు మాటలు ఉన్నాయి. కానీ గట్టు మీద నిలబడి "ఇవాళ నీహారం దట్టంగా ఉందే" అని ఎవరంటారు చెప్పండి? పైగా "రాత్రి మంచు బాగా కురిసింది" అంటాం. గడ్డి మీది మంచు కురవదండీ. వానలాగా పైనుంచి పడేది కాదది. నిక్కచ్చిగా దీన్ని తేల్చింది విలియం చార్లెస్ వెల్స్ అనే ఒక డాక్టరు. లండన్ దగ్గర ఒక తోటలో రాత్రులు మేలుకుని, సమానంగా తూచిన ఊలు పీచుల్ని ఒకటి పలక మీద, ఒకటి పలక కింద, ఇంకొకటి గడ్డిలో పెట్టి, తెల్లారాక మళ్లీ తూచేవాడు. ఆయన తేల్చిన సంగతి 1814లో అచ్చయింది. ఆకాశం తేటగా ఉండి గాలి లేని రాత్రి ఆకు తన వేడిని పైకి వదిలేస్తుంది. చుట్టూ ఉన్న గాలికంటే కూడా చల్లబడిపోతుంది. అప్పుడు గాలిలో ఉన్న ఆవిరి దాన్ని తాకి నీరవుతుంది. చల్లటి నీళ్లు పోసిన చెంబు బయట చెమర్చడం లేదూ, అదే ఇది. మబ్బు పట్టిన రాత్రి మంచు సరిగా పట్టదు. ఆకాశానికీ నేలకీ మధ్య మబ్బు దుప్పటిలా అడ్డం ఉంటుంది మరి.

రేపు పొద్దున్న వీలైతే ఒక పని చెయ్యండి. సూర్యుడు పైకి రాకముందు గడ్డి దగ్గర గొంతుకూర్చోండి. మోకాళ్లు నొప్పులున్నవాళ్లు వద్దులెండి. ఒక్క పరకని చూడండి. దాని మీద రెండు రకాల నీళ్లుంటాయి. పరక ఒంటినిండా పిండి చల్లినట్టు సన్నటి బొట్లు, అది మంచు. పరక కొసన ఒకే ఒక్క లావుపాటి బొట్టు వేలాడుతుంటుంది, పడనా వద్దా అన్నట్టు. అది మంచు కాదు. రాత్రి వేళ్లు నేలలోంచి తోడిన నీళ్లు ఎక్కువై, ఆకు కొసనున్న సన్నటి రంధ్రంలోంచి మొక్కే బయటికి తోసేసిన బొట్టు. ఒకటి ఆకాశం వల్ల వచ్చింది, ఒకటి నేలలోంచి వచ్చింది. రెండూ ఒకే పరక మీద. ఇరవయ్యేళ్లు వాటి మీదుగా నడిచి వెళ్లాను నేను, లుంగీ తడుస్తోందని విసుక్కుంటూ.

శనగ చేలో అయితే ఆ తడికి రుచి కూడా ఉంటుంది. శనగ ఆకు మీద నూగుంటుంది కదా, దాని కొసల్లోంచి పులుపు ఊరుతుంది. మంచు దాన్ని కరిగించుకుంటుంది. పొద్దున్నే చేలో నడిచి వచ్చి కాళ్లు కడుక్కోకపోతే చర్మం చురచురలాడుతుంది. ఆ పులుపుకి కొన్ని రకాల పురుగులు దగ్గరికి రావు. పచ్చపురుగు మాత్రం లెక్కచెయ్యదు, అది వేరే కథ. వాన లేని రోజుల్లో, నేలలో మిగిలిన పదునుతో, ఈ చలి సాయంతో ఆ పంట గట్టెక్కుతుంది. నీళ్లు పెట్టింది నేను కాదు.

ఇప్పుడు నా దెబ్బ సంగతి. సేద్యంలోకి వచ్చిన మూడో ఏడు. మా పొలంలో ఒక పల్లపు మూల ఉంది. మట్టి మంచిదని అక్కడ టమాటా నారు నాటాను. ఏ రెండు మూడేళ్లకో ఒకసారి మా వైపు గడ్డి మీద తెల్లగా పేరుకునేంత చలి పడుతుంది. ఆ ఏడు పడింది. తెల్లారి వెళ్లి చూస్తే ఆ మూల అంతా ఆకులు ఉడకబెట్టినట్టు నల్లబడి వాలిపోయాయి. పది గజాల అవతల, కాస్త మెరక మీద ఉన్న మొక్కలకి ఏమీ కాలేదు, నవ్వుతున్నాయి. నాకు మొదట వచ్చిన ఆలోచన ఏమిటో తెలుసా? ఎవరో గిట్టనివాళ్లు కలుపుమందు కొట్టారని! పంచాయితీ పెట్టేవాణ్ణే. పక్క పొలం తాత వచ్చి చూసి నవ్వాడు. "ఒరే అబ్బాయ్, చలి కూడా నీళ్లలాంటిదేరా. పల్లానికే పారుతుంది. నువ్వు ఆ దిగువన కంచె దట్టంగా వేశావు, అది కట్టలా అడ్డం పడి ఇక్కడ మడుగు కట్టింది. కంచెకి గండి కొట్టు, పోతుంది" అన్నాడు.

గండి కొట్టాను. గాలికి గండి కొట్టడం ఏమిటని నాకూ అనిపించింది. కానీ చల్లటి గాలి బరువు కదా, నిజంగానే వాలు వెంట జారుతుంది. ఆ ఏడు నుంచి చలి రాత్రులు ఆ గండి దగ్గర నిలబడితే పాదాల మీదుగా ఏదో మెల్లగా పారుతున్నట్టు తెలుస్తుంది. మోకాళ్ల పైన ఏమీ ఉండదు. కంటికి కనపడని వాగు. అందమైన వస్తువులు చూపించమంటే నేను ముందుగా దాన్ని చూపిస్తాను, చూడటానికి ఏమీ లేకపోయినా.

తాత ఇంకొకటి కూడా చెప్పాడు. ఆకాశం తేటగా ఉండి, గాలి ఆగిపోయి, సాయంత్రానికే చెవులు చల్లబడుతుంటే, ఆ మూలకి నీళ్లు పెట్టమన్నాడు. చలికి నీళ్లేమిటి తాతా అన్నాను. తడి నేల పగటి వేడిని పొడి నేలకంటే ఎక్కువ దాచుకుంటుంది, రాత్రంతా కొంచెం కొంచెం వదులుతుంది. తర్వాత చదివితే తెలిసింది, పండ్లతోటల వాళ్లు ఇంకా ముందుకి వెళ్లారు. పూత మీద గడ్డకట్టే చలి పడబోతుంటే రాత్రంతా చెట్ల మీద నీళ్లు చిలకరిస్తారు. ఆ నీళ్లు పూల మీదే గడ్డకడతాయి. గ్రాము నీరు గడ్డకట్టేటప్పుడు దాదాపు 80 కేలరీల వేడిని వదిలేస్తుంది. నీళ్లు పడుతూ, గడ్డకడుతూ ఉన్నంతసేపు లోపలి పువ్వు సున్నా డిగ్రీల దగ్గరే నిలుస్తుంది, చావదు. తెల్లారేసరికి తోటంతా గాజు పూలు. మధ్యలో నీళ్లు ఆపితే మాత్రం తోట గోవింద. ఆ రాత్రి పంపుసెట్టు దగ్గర కాపలా కాసేవాడికి ఆ అందం కనపడుతుందా లేదా అని నాకు ఎప్పుడూ అనుమానమే.

చలి మొక్కకి ఏం చేస్తుందనేది ఇంకా పెద్ద సంగతి. క్యారెట్టు, క్యాబేజీ చలి తగిలాక తియ్యబడతాయి. మన కోసం కాదు. చక్కెర కరిగిన నీరు అంత తొందరగా గడ్డకట్టదు, అందుకని మొక్క తనలో దాచుకున్న పిండిని కొంత చక్కెరగా మార్చుకుంటుంది. తన ప్రాణం కోసం చేసుకున్నదే మన నాలికకి తీపి అయింది.

వెల్లుల్లి చూడండి. చేతిలో పట్టుకుని విడదీస్తే పాయలు పాయలుగా విడిపోతుంది కదా, ఆ పాయలు కట్టించేది చలే. నాటిన రెబ్బకి తగినంత చలి తగలకపోతే, అది పెరిగి ఒకే గుండ్రటి గడ్డగా మిగిలిపోతుంది, విడగొట్టడానికి లోపల ఏమీ ఉండదు. చలిదేశాల్లో ఆకురాలు కాలంలో విత్తే గోధుమ కూడా అంతే. కొన్ని వారాలు చలిలో ఉంటేనే సకాలంలో వెన్ను తీస్తుంది. ఆపిల్ చెట్లలో చాలా రకాలకి 7 డిగ్రీల లోపు చలి 800, 1000 గంటలు కావాలి, లేకపోతే మొగ్గలు సరిగా విచ్చుకోవు. ఎందుకిలా అంటే, చలికాలం మధ్యలో ఒక రోజు వెచ్చగా ఎండ కాసిందనుకోండి, మొక్క మోసపోయి పూత పూసేస్తే మర్నాటి చలికి అంతా పోతుంది. అందుకని పూతకి అడ్డుపడే జన్యువు ఒకటి కాపలా ఉంటుంది. చలి దాన్ని ఒక్కరోజులో కాదు, వారాల తరబడి కొంచెం కొంచెం నోరు మూయిస్తుంది. చలికాలం నిజంగా గడిచిందని మొక్క అప్పుడు నమ్ముతుంది. మొక్క గంటలు లెక్కపెట్టుకుంటోందన్నమాట. "ఈ పంట ఏమిటి, కదలకుండా కూర్చుంది" అని నేను తిట్టుకున్న రోజుల్లో అది ఈ లెక్కలో ఉంది!

మా పొలం మీద హిమం పడదు. పడేచోట రైతులకి అది దుప్పటి. తాజాగా పడిన హిమంలో పదింట తొమ్మిది వంతుల దాకా గాలే ఉంటుంది. పరుపులో దూదిలాగా ఆ గాలి వేడిని బయటికి పోనివ్వదు, కింద గోధుమ మొలక వెచ్చగా పడుకుంటుంది. హిమం పడకుండా చలి ఒక్కటే పడిన ఏడాదే అక్కడి రైతుకి భయం. ఇందాక దుప్పటి ఉన్నవాడి మాట అన్నాను. మొక్కకీ అదే న్యాయం.

హిమం అన్నాక ఒక రైతు గురించి చెప్పకుండా ఉండలేను. విల్సన్ బెంట్లీ. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రం, జెరికో అనే ఊరు. 1865లో పుట్టాడు. పాడి, సేద్యం. హిమం విరగబడి పడే ప్రాంతం అది. అక్కడివాళ్లకి అది పారతో ఎత్తి పోసే బరువు మాత్రమే. ఈ కుర్రాడికి పదిహేనేళ్ల వయసులో వాళ్లమ్మ ఒక పాత మైక్రోస్కోపు ఇచ్చింది. దాని కింద హిమపు రేకు పెట్టి చూశాడు. ఆరు కొసలు, ఒక్కో కొసకి మళ్లీ కొమ్మలు, ఆరూ ఒకదానికొకటి సరిపోయేలా. బొమ్మ గీద్దామంటే, గీసేలోపు కరిగిపోయేది. ఏళ్ల తరబడి గీసి గీసి విసిగి, మైక్రోస్కోపుకి కెమెరా బిగించాడు. 1885 జనవరి 15న మొదటి ఫొటో పడింది. అప్పటికి ఆయనకి ఇరవయ్యేళ్లు నిండలేదు.

ఆయన పని చేసిన తీరు చూడండి. నిప్పు లేని చలి పాక, గడ్డకట్టే చలిలో. బయట నల్ల రంగు వేసిన పలక పట్టుకుని నిలబడేవాడు. దాని మీద పడిన రేకుల్లో నచ్చినదాన్ని పుల్లతో ఎత్తి గాజు పలక మీద పెట్టి, పక్షి ఈకతో మెల్లగా అదిమి, ఊపిరి బిగబట్టి ఫొటో తీసేవాడు. ఊపిరి తగిలితే అయిపోయింది. నేను ఎక్కువగా ఆలోచించేది ఆ ఊపిరి గురించే. దగ్గరికి వెళ్లకపోతే కనపడదు, దగ్గరికి వెళ్లి ఊపిరి వదిలితే ఉండదు. అలా నలభై అయిదేళ్ల పైన, ప్రతి చలికాలమూ. 5000 పైచిలుకు ఫొటోలు. ఊళ్లోవాళ్లు తిక్క మనిషి అనుకున్నారు. తండ్రికీ ఇదంతా పనికిమాలిన పనిగానే తోచింది. మన తండ్రులు మాత్రం ఏమనేవారు? పాలు పితకాల్సిన టైములో ఏంట్రా ఇది అని వీపు మీద ఒకటి వేసేవారు.

ఆ మనిషే వానచినుకుల సైజు కొలవడానికి పళ్లెంలో పిండి పోసి వానలో పెట్టేవాడు. చినుకు పడినచోట పిండి ఉండ కట్టేది, దాన్ని ఎండబెట్టి కొలిచేవాడు. ఇంట్లో ఉన్న వస్తువులతో శాస్త్రం. అందుకే నాకు ఆయన మన మనిషిలా అనిపిస్తాడు. తర్వాత 1936లో జపాన్లో, హొక్కైడోలో, ఉకిచిరో నకయా అనే శాస్త్రవేత్త ప్రయోగశాలలో మొదటిసారి హిమపు రేకుని పెంచాడు. దేని మీద పెంచాడనుకున్నారు? కుందేలు వెంట్రుక కొసన. ఒకరికి ఈక, ఒకరికి వెంట్రుక. బెంట్లీ దాన్ని చూడలేదు. 1931 డిసెంబరులో మంచు తుఫానులో నడిచి ఇంటికొచ్చి, నిమోనియా పట్టి, పొలంలో ఉన్న ఆ ఇంట్లోనే పోయాడు. చలి ఆయనకి అన్నీ ఇచ్చింది, చివరికి అదే తీసుకుపోయింది. దీన్ని తియ్యటి కథగా చెప్పడం నాకు చేతకాదు.

కొంచెం నీళ్లు ఇస్తారా? ఆ... చల్లటివి వద్దు బాబూ.

పశువుల కొట్టంలోకి వద్దాం. చలికాలం పొద్దున్న నాలుగున్నరకి నా పొలంలో అన్నిటికంటే వెచ్చటి చోటు గౌరి డొక్క. గౌరి మా ఆవు. ముక్కులోంచి పొగలు పోతుంటాయి, నెమరేస్తూ నా వంక చూస్తుంది, ఇంత ఆలస్యమా అన్నట్టు. తల దాని డొక్కకి ఆనించి పాలు తీస్తుంటే లోపల గుడగుడలు వినపడతాయి, పొయ్యి మీద ఎసరు కాగుతున్నట్టు. నిజంగా పొయ్యే అది. పెద్ద ఆవు పొట్టలో మొదటి సంచికి నూరు లీటర్ల పైన పడుతుంది. అందులో కోట్ల కోట్ల సూక్ష్మజీవులు గడ్డిని పులియబెడుతుంటాయి. ఆ పులుపులో వేడి పుడుతుంది. దాణాకంటే గడ్డి అరిగేటప్పుడు వేడి ఎక్కువ. అందుకే చలి ముదిరిన రాత్రి దాణా పెంచరు, ఎండుగడ్డి ఇంకో మోపు వేస్తారు. నాకు ఈ కారణం తెలియక ముందే మా నాన్న వేసేవాడు. ఎందుకని అడిగితే "రాత్రంతా నమలడానికి ఏదో ఒకటి ఉండాలి కదరా" అనేవాడు. కారణం తప్పు, పని ఒప్పు. మా ఇంట్లో చాలా పనులు అలాగే జరిగాయి.

నిజం చెప్పాలంటే ఆ పావుగంట కోసమే నేను చలికాలంలో లేస్తాను. చేతులు వెచ్చబడతాయి. పాలు పొగలు కక్కుతూ చెంబులో పడతాయి. ఎవరూ మాట్లాడరు.

చలికాలం నన్ను మనుషుల విషయంలో కూడా కొంచెం దారిలో పెట్టింది. పూర్వం కోతకి చీకటితోనే రమ్మనేవాణ్ణి, పొద్దు చాలదని. చిక్కుడు మడిలో ఆకులు తడిగా ఉండగా మనుషులు తిరిగితే తెగులు ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకి చేతుల ద్వారా, బట్టల ద్వారా అంటుకుంటుంది. రెండేళ్లు పంట పోగొట్టుకున్నాక తెలిసింది. అప్పట్నుంచి "మంచు ఆరాక రండి, కూలి మాత్రం రోజు కూలే" అంటున్నాను. వాళ్ల వేళ్ల మీద జాలితో అలా మార్చానని చెప్పుకుంటే బాగుండును. చిక్కుడు మీద జాలితో మార్చాను. మొదటి రోజు వాళ్లలో ఒకావిడ ఎండలో చేతులు చాచి చూసుకుంటూ "ఈ ఏడు వేళ్లు పగల్లేదు" అంది. అప్పటికి గానీ నాకు తట్టలేదు.

చీకటి గురించి ఒక్క ముక్క. డిసెంబరు చివర పగలు బాగా కురచ, రాత్రి పొడుగు. కానీ జనవరి మొదటి రోజుల్లో భూమి సూర్యుడికి ఏడాది మొత్తంలో అన్నిటికంటే దగ్గరగా ఉంటుంది, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు. జూలైలో 15.2 కోట్లు. అంటే చలికి వణికేటప్పుడే సూర్యుడికి 50 లక్షల కిలోమీటర్లు దగ్గర జరిగాం! చలి దూరం వల్ల రాదు, భూమి వాలు వల్ల వస్తుంది. ఇంకో విచిత్రం, సాయంత్రాలు అతి చిన్న పగలు కంటే ముందే పొడుగవడం మొదలుపెడతాయి. ఉదయాలు మాత్రం ఆ తర్వాత కూడా ఆలస్యమవుతూనే ఉంటాయి. పశువుల్ని పొద్దుపోయే వేళకి తోలుకొచ్చేవాడికి ఈ తేడా వేళ్ల మీద తెలుస్తుంది.

రాత్రి నీళ్లకి వెళ్లినప్పుడు తల ఎత్తితే తూర్పున పిల్లలకోడి, దాని వెనకే గొల్లకావడి. కృత్తికలు అన్నా పిల్లలకోడి అన్నా ఒకటేలెండి, నాకు పిల్లలకోడే ఇష్టం. ఆ కోడిపిల్లల వెలుగు మన దాకా రావడానికి 440 ఏళ్లు పడుతుందట. మడికి మడవ మార్చి, పార భుజాన పెట్టుకుని, కాలువలో చూస్తే నీళ్లలో కూడా ఉంటుంది గొల్లకావడి, కొంచెం వణుకుతూ. నేనూ వణుకుతూనే ఉంటాను.

ఇంకా తేనెటీగల గురించి చెబుదామనుకున్నాను. చలి రాత్రి అవన్నీ ఉండలా కట్టుకుని, రెక్కలు ఆడించకుండా రెక్కల కండల్ని మాత్రమే వణికించి వేడి పుట్టిస్తాయి. బయట అంచున ఉన్నవి లోపలికి, లోపలివి బయటికి మారుతూ ఉంటాయి. దాని గురించి ఇంకెప్పుడైనా పిలవండి, వివరంగా మాట్లాడుకుందాం. ఇందాక లోపలికి వస్తూ పైకి చూశాను, ఒక్క మబ్బు లేదు. గాలి కూడా ఆగిపోయింది. చెవులు అప్పుడే చల్లబడుతున్నాయి. ఆ పల్లపు మూలలో ఈ ఏడు మళ్లీ టమాటా పెట్టాను, బుద్ధి లేక. ప్రశ్నలు ఉంటే ఒకటి రెండు అడగండి, త్వరగా. నేను వెళ్లి నీళ్లు పెట్టుకోవాలి.